మట్టి మిద్దె నుంచి శ్లాబు దాకా.. సొంతింటి లెక్క

అనంతపురం: పల్లెల్లో ఎవరిని అడిగినా ‘మాది సొంతిల్లే’ అంటారు. లెక్కలూ అదే చెబుతున్నాయి. 2011 జనాభా గణన ప్రకారం దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో 94.7 శాతం సొంత ఇళ్లలో నివసిస్తున్నాయి. పట్టణాల్లో ఇది 69.2 శాతమే. అక్కడ 27.5 శాతం కుటుంబాలు అద్దె ఇళ్లలో ఉన్నాయి. అయితే గణనకు వచ్చినవారు ఇంటివారు చెప్పిన మాటను నమోదు చేసుకుంటారే తప్ప దస్తావేజులు పరిశీలించరు. పైకప్పు ఎన్నేళ్లు నిలుస్తుందో లెక్కగట్టరు. అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లోని అనేక కుటుంబాలకు అసలు చిక్కు అక్కడే ఉంది. ఇల్లు సొంతమే. దానిని తిరిగి కట్టుకోవడానికి చేతిలో డబ్బు లేదు. అప్పు తెచ్చుకుందామంటే కాగితం లేదు.

వానలు తక్కువ కనుకే మిద్దె

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. కోస్తాలో మాదిరిగా వాన నీరు జారిపోయే ఏటవాలు కప్పు ఇక్కడ అంతగా అవసరం రాలేదు. చేతికందే రాయి, మట్టి, కలపలతోనే మిద్దె ఇల్లు రూపుదిద్దుకుంది. మందపాటి రాతి గోడలపై దూలాలు, వాటిపై దంతెలు అమర్చి, సన్నని కట్టెలు పేర్చి, ఆపైన మట్టి పరుస్తారు. అన్నిటికన్నా పైన చవుడు వేస్తారు. చవుడు మట్టి తడిస్తే జిగటగా మారి సందులను మూసివేస్తుంది. నీరు లోపలికి దిగదు. ఎండాకాలంలో లోపల చల్లగా ఉంటుంది. పైన వేరుశనగ, మిరప ఆరబోసుకోవచ్చు, రాత్రివేళ పడుకోవచ్చు. పాత ఇళ్లలో ముందు భాగంలోనే పశువులను కట్టే చోటు ఉండేది.

ఇటువంటి ఇంటికి నగదు ఖర్చు తక్కువ, చాకిరీ ఎక్కువ. ఏటా వానలకు ముందు చవుడు తోలి, పరిచి, చదును చేయవలసిందే. ఇంటిల్లిపాదీ సేద్యంలో ఉన్న రోజుల్లో అది భారమనిపించలేదు. పిల్లలు బెంగళూరుకు వలసపోయి, వృద్ధులే మిగిలిన ఇళ్లలో ఆ పని ఆగిపోయింది.

బరువే ముప్పు

జానెడు మందం మట్టి ఒక చదరపు మీటరుకు మూడు క్వింటాళ్లకు పైగా తూగుతుంది. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు గల గదిపై ఆ బరువు 36 క్వింటాళ్లు దాటుతుంది. పాతది తీయకుండా ఏటా కొత్త మట్టి వేస్తూ పోతే భారం ఇంకా పెరుగుతుంది. గోడలోకి వెళ్లిన దూలం కొనలను చెదలు తింటున్నా బయటికి కనిపించదు. రోజుల తరబడి ముసురు పట్టినప్పుడు మట్టి నీటిని పీల్చుకుని మరింత బరువెక్కుతుంది. మిద్దెలు కూలి ప్రాణాలు పోవడం ఎక్కువగా అటువంటి రాత్రుల్లోనే జరుగుతుంది. దూలం వంగడం, పైనుంచి మట్టి రాలడం, గోడ ఉబ్బడం కనిపిస్తే వాన వెలిసేదాకా ఆ గదిలో పడుకోరాదు.

బండలు, రేకులు

మట్టి మిద్దె తరువాత వచ్చినది బండల మిద్దె. తాడిపత్రి, బేతంచెర్ల ప్రాంతాల్లో దొరికే నాపరాళ్లను కప్పుగా పరుస్తారు. చెదల బెడద తగ్గినా, బండల సందుల్లో పూత చెదిరితే కారుతుంది. సిమెంటు రేకుల ఇల్లు అన్నిటికన్నా త్వరగా, చౌకగా పూర్తవుతుంది కానీ వేసవిలో మధ్యాహ్నం లోపల ఉండలేరు. అందుకే అందరి చూపూ శ్లాబుపైనే ఉంది.

పథకం సొమ్ముకు, ఖర్చుకు పొంతన ఏదీ?

1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌గా మారింది. దీని కింద మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1.20 లక్షల రూపాయల సాయం నిర్ణయించారు. ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు, అంటే సుమారు 269 చదరపు అడుగులు ఉండాలి. చదరపు అడుగుకు 450 రూపాయలు కూడా రాదు. రాష్ట్ర ప్రభుత్వం 2020లో పట్టణాల్లో సెంటు, గ్రామాల్లో సెంటున్నర చొప్పున మహిళల పేరిట ఇళ్ల పట్టాలు ఇచ్చింది. 340 చదరపు అడుగుల ఇంటికి 1.80 లక్షలు కేటాయించింది. అంటే అడుగుకు దాదాపు 530 రూపాయలు. శ్లాబు ఇంటికి అడుగుకు వెయ్యి రూపాయలకు పైగానే అవుతున్నందున మిగతాది లబ్ధిదారు అప్పు తేవలసిందే. పునాదుల దగ్గర, గోడల దగ్గర ఇళ్లు ఆగిపోవడానికి ఇదే ముఖ్య కారణం. అసంపూర్తి ఇళ్లకు ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేల రూపాయల అదనపు సాయాన్ని 2025లో ప్రకటించడమే ఈ లోటుకు నిదర్శనం.

విస్తీర్ణమూ సమస్యే. ధర్మవరం పట్టుచీరల నేతకారునికి ఇల్లే కర్మాగారం. గుంత మగ్గానికి ఒక గది పోతే 340 అడుగుల ఇంట్లో కుటుంబానికి మిగిలేది కొంచెమే. అద్దెకు దిగే నేతకారులూ మగ్గం పట్టే ఇంటినే వెతుక్కోవాలి. పెనుకొండ సమీపంలోని కియా కార్ల కర్మాగారంలో 2019లో ఉత్పత్తి మొదలైన తరువాత ఆ చుట్టుపట్ల అద్దెలు, స్థలాల ధరలు పెరిగాయి. సొంతిల్లు ఉన్నవారికి అది ఆదాయం, లేనివారికి అదనపు భారం.

కాగితమే కీలకం

పాత మిద్దెలు చాలావరకు గ్రామకంఠంలో ఉన్నాయి. తాతల నాటి నుంచి అనుభవంలో ఉన్నా దస్తావేజు ఉండదు. ఇంటి పన్ను రసీదు అనుభవానికి ఆధారమే కానీ యాజమాన్య హక్కు పత్రం కాదు. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్న ఇంటిపై బ్యాంకు రుణం ఇవ్వదు. గ్రామకంఠంలోని ఇళ్లను డ్రోన్లతో కొలిచి ఆస్తి కార్డులు ఇచ్చే స్వామిత్వ పథకాన్ని కేంద్రం 2020 ఏప్రిల్ 24న ప్రారంభించింది. కొలతల సమయంలో ఇంటివారు దగ్గరుండి హద్దులు, పేర్లు సరిచూసుకోవాలి. తండ్రి మరణిస్తే వారసుల పేర్లు నమోదయ్యేలా చూడాలి.

ప్రభుత్వం ఇచ్చిన పట్టా స్థలాలను తెల్లకాగితంపై కొనేవారు మరింత జాగ్రత్తపడాలి. గడువు తీరకముందు అటువంటి స్థలాల బదిలీ 1977 నాటి ఎసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం చెల్లదు. చెల్లించిన సొమ్ము పోయినా అడిగే హక్కు మిగలదు.

మిద్దె కట్టిన తరం ఏటా చాకిరీతో ఇంటిని నిలుపుకుంది. నేటి తరం అదే ఇంటిని నగదుతో, కాగితంతో నిలుపుకోవలసి వస్తోంది. ఈ రెండూ చేతికి రానంతవరకు ‘సొంతిల్లు’ అన్న మాట లెక్కల్లో ఉంటుంది. వాన పడిన రాత్రి మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.