పూలూ నీళ్ళూ వైద్యంలో భాగమైన రోజులు

హైదరాబాదులో దారుష్షిఫా అంటే ఇప్పుడు మనకొక పేట పేరు. ఆ మాటకు అర్థం స్వస్థత నిచ్చే ఇల్లు. 1595 ప్రాంతంలో మహమ్మద్ కులీ కుతుబ్ షా అక్కడ యునానీ వైద్యశాల కట్టించాడు. మధ్యన విశాలమైన ఆవరణ, చుట్టూ రెండంతస్తుల గదులు. నడుమ ఆవరణ విడిచి వైద్యశాల కట్టడం అప్పటికే పశ్చిమాసియాలో శతాబ్దాల నాటి అలవాటు. అక్కడ వాటిని బీమారిస్తాన్‌లు అనేవారు. ‘బీమార్’ అన్న మాట మన ఇళ్ళల్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ వైద్యశాలల్లో మనసు చెదిరిన వారికీ చోటుండేది. సిరియాలోని అలెప్పోలో 1354లో అర్గూన్ అల్ కామిలీ అనే పాలకుడు నెలకొల్పిన దానిలో రోగుల గదులు చిన్న చిన్న ముంగిళ్ళ చుట్టూ ఉంటాయి. పైన ఆకాశం, మధ్యన నీళ్ళు.

తుర్కీలోని ఎదిర్నెలో సుల్తాన్ రెండవ బాయజీద్ 1484-88 మధ్య తుంజా నది ఒడ్డున కట్టించిన వైద్యశాల ఇంకా ముచ్చటైనది. పెద్ద గుమ్మటం కింద నీటి ఫౌంటెన్, చుట్టూ గదులు, పాడేవాళ్ళకొక వేదిక. 17వ శతాబ్దంలో అది చూసిన యాత్రికుడు ఎవ్లియా చెలెబీ, వసంతంలో రోగుల చేతికి గులాబీలు, జాజులు, సుంబుల్ పూలు ఇచ్చేవారనీ, వారానికి మూడుసార్లు సంగీతం వినిపించేవారనీ రాశాడు. ఖర్చంతా వక్ఫు ఆస్తుల మీద నడిచేది.

అయితే ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఉద్రేకం పట్టలేని వారికి అక్కడా గొలుసులు వేసేవారని ఆయనే రాశాడు. కాని వారిని కూడా రోగులుగానే చూశారు.

ఇది ఉత్త ముచ్చట కాదని ఈ కాలపు శాస్త్రం కూడా అంటున్నది. 1984లో అమెరికాలో రోజర్ ఉల్రిక్ అనే పరిశోధకుడు, ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు పోల్చి చూశాడు. కిటికీలోంచి చెట్లు కనబడినవారు, ఇటుక గోడ మాత్రమే కనబడినవారి కంటే త్వరగా ఇంటికెళ్ళారు. గట్టి నొప్పి మందులూ తక్కువే వాడారు. శరీరానికే ఇంత మేలైతే, అలిసిన మనసు సంగతి చెప్పాలా?

మరి మనం చేస్తున్నదేమిటి? ఇంట్లో ఒకరికి మనసు బాగాలేకపోతే, నలుగురికీ తెలిస్తే పిల్లల సంబంధాలు చెడతాయని వెనకగదిలో పెట్టి తలుపేస్తాం. లేకుంటే ఎక్కడో వదిలివస్తాం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో అలా వదిలిన 28 మంది, పాక అంటుకున్నప్పుడు గొలుసులు తెంచుకోలేక కాలిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం గొలుసులను నిషేధించింది. కాని మన వెనకగది తలుపు తెరవవలసింది మనమే.

సోదర సోదరీమణులారా, డాక్టరు మందు మానమని కాదు నా మాట. మందుతోపాటు పొద్దున కాసేపు చెట్టుకింద కూర్చోనివ్వండి, మొక్కలకు నీళ్ళు పోయమనండి, పక్కన మీరూ ఉండండి. ఈ ఏడు ఒక్క ఇంట్లో ఆ తలుపు తెరుచుకున్నా నాకంతే చాలు.