హల్, నాగలి, కల్టివేటర్

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1939లో ప్రారంభించారు. సరిగ్గా అదే ఏడాది అమెరికాలో ఫోర్డ్-ఫెర్గూసన్ ట్రాక్టర్ బజారులోకి వచ్చింది. అంతకుముందు పనిముట్టును ట్రాక్టర్ వెనక బండిలా ఈడ్చుకుపోయేవారు. హారీ ఫెర్గూసన్ దాన్ని మూడు చోట్ల ట్రాక్టర్‌కే తగిలించి, హైడ్రాలిక్ లిఫ్టు పెట్టాడు. లివర్ కదిపితే లేస్తుంది, దిగుతుంది. మన ఊళ్లలో తిరిగే కల్టివేటర్ ఖాన్‌దాన్ అదే.

ఈ రెండింటికీ రిష్తా ఏమిటంటారా? లఫ్జుల రిష్తా. జామియా 1918లో పుట్టింది. దానికి ఏడాది ముందే దారుల్ తర్జుమా పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాని నాజిమ్. సైన్సంతా ఉర్దూలో చెప్పాలంటే ఇస్తిలాహాత్ కావాలి కదా! జబాన్ తెలిసినవాళ్లు, ఇల్మ్ తెలిసినవాళ్లు కూర్చుని ఒక్కో మాట మీద బహస్ చేసేవారు. అంత మెహనత్‌కు నా సలాం. కానీ ఒక మాట అనక తప్పదు. రియాసత్‌లో ఎక్కువమంది కాష్త్‌కార్లది తెలుగు, మరాఠీ, కన్నడ. జామియా జబాన్ వాళ్ల చేను గట్టు దాకా రాలేదు.

వచ్చింది పట్వారీ జబాన్. పహాణీ, జమాబందీ, ఖుష్కీ, తరీ, ఫస్లీ... చదువు రాని రైతుకూ ఇవన్నీ జబానీగా వచ్చు. తార్నాక కూడా అంతే. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ అని పెద్దలు చెబుతారు. ఏ కమిటీ కట్టిన పేరూ కాదది, బస్సు కండక్టర్ రోజూ అరిచే పేరు.

1948 తర్వాత జామియా చదువు ఇంగ్లీషులోకి మారింది. ట్రాక్టర్లు మన పల్లెలకు ఆ తర్వాతే చేరాయి. అప్పటికి మాటలు కట్టే కార్ఖానా లేదు. కల్టివేటర్ తన అంగ్రేజీ పేరుతోనే వచ్చింది. కొందరు రైతులు మాత్రం పాత గొర్రు పేరే దానికీ పెట్టుకున్నారు. నాకు అదే అసలైన తర్జుమా అనిపిస్తుంది.

పేరు సంగతి సరే, దాని గుణం తెలియకపోతేనే నుక్సాన్. మన రాళ్ల చెలకల్లో స్ప్రింగు కల్టివేటర్‌కే ఖద్ర్ ఎక్కువ. రాయి తగిలితే కర్రు వెనక్కి వంగి, దాటాక మళ్లీ నిలబడుతుంది. అయితే అది దున్నేది నాలుగైదు అంగుళాలే. ఏటా అదే లోతులో దున్నిస్తే, పైన మట్టి మెత్తగానే కనిపిస్తుంది, కింద మాత్రం గట్టి పొర కడుతుంది. ట్రాక్టర్ బరువు దాన్ని ఇంకా బిగిస్తుంది. వాన నీళ్లు దిగవు, వేళ్లూ దిగవు. అందుకే రెండు మూడేళ్లకోసారి ఎండాకాలంలో ఉలి నాగలితో లోతుగా చీల్చమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. గంటకింత అని కిరాయి కట్టే కౌలుదారుకు ఆ ఖర్చు భారమే. పైగా వచ్చే ఏడు ఆ జమీన్ తన చేతిలో ఉంటుందన్న భరోసా లేనివాడు ఎందుకు చీల్పిస్తాడు?

మా దాదా ఇంట్లో ఉర్దూ, చేలో తెలుగు మాట్లాడేవారు. హల్ అని ఆయన నోట ఎన్నడూ వినలేదు, నాగలే. అబ్బా కాలానికి కిరాయి ట్రాక్టర్ వచ్చింది. ఆయన గట్టు మీద నిలబడి డ్రైవర్‌తో అనేవారు: "గొర్రు ఇంకాస్త కిందికి దించు భాయ్, పైపైన గీకితే ఏం ఫాయిదా?"