మానెడు పిండి ఎన్ని గ్రాములు?

అమెరికా వంటల పుస్తకం ముందేసుకుని కేకు చేద్దామనుకున్న ప్రతి తెలుగువాడికీ ఒక చోట బ్రేకు పడుతుంది. "రెండు కప్పుల మైదా" అని ఉంటుంది. ఏ కప్పు? అమెరికా కప్పు దాదాపు 237 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియా వాళ్ళది 250. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ కప్పు 180, అది జపాన్ వాళ్ళ పాత బియ్యం కొలత. సరే, కప్పు ఏదో తేల్చుకున్నాం అనుకుందాం. మైదాని చెంచాతో మెల్లగా నింపి పైన చదును చేస్తే 120 గ్రాముల దగ్గర తూగుతుంది. అదే కప్పుని డబ్బాలో ముంచి తీస్తే 140 దాటుతుంది. ఇంటర్నెట్లో అడిగితే మాత్రం ఒకే ఒక్క అంకె, అదీ మహా ధీమాగా చెప్తుంది.

మనవాళ్ళకి కన్వర్షన్ అనగానే ఒక స్థిరాంకంతో గుణించడమే గుర్తొస్తుంది. మైళ్ళని కిలోమీటర్లు చెయ్యడానికి అది చాలు. కొలతని తూకంగా మార్చడానికి చాలదు. అది చాలా ఆర్గ్యుమెంట్లు తీసుకునే ఫంక్షను: ఏ గింజ, ఎంత ఆరింది, ఎలా పోశారు, ఎవరు పోశారు. వంటగదిలో మొదటి మూడింటితో పని అయిపోతుంది. నల్గొండ, పాలమూరు కల్లాల్లో మాత్రం అసలు కథంతా నాలుగో దాంతోనే నడిచింది.

ముందు పాత పట్టిక చూద్దాం. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము. లెక్కేస్తే తూముకి సరిగ్గా 256 గిద్దలు! ఒక బైటులో ఎన్ని విలువలు పడతాయో అన్ని. మనవాళ్ళు బైనరీ ఎప్పుడో కనిపెట్టారని నేను చెప్పబోవట్లేదు, భయపడకండి :) సగానికి సగం చెయ్యడం చేతికీ కంటికీ తేలిక, అంతే. ఆ పైన 20 తూములు ఒక పుట్టి. కాకతీయుల కాలం దానశాసనాల్లోనే ఈ పుట్లూ తూములూ కనిపిస్తాయి. భూమిని కూడా ఎన్ని గింజల విత్తనం పడుతుందో దాన్నిబట్టి చెప్పుకునేవాళ్ళు, కొలత అంతగా జీవితంలో కలిసిపోయింది. కల్లంలో కొలిచేటప్పుడు మొదటిదాన్ని "ఒకటి" అనరు, "లాభం" అంటారు. తర్వాత రెండు, మూడు. ఏడు వచ్చేసరికి "ఆరున్నొకటి", ఎందుకంటే ఏడు అంటే ఏడవడం కూడా కదా.

పేర్ల మధ్య నిష్పత్తి ఇంత శుభ్రంగా ఉంది గానీ, గిన్నె మాత్రం ఊరూరికీ వేరు. నిజాం రాజ్యంలో దీనికి తోడు సేరు ఒకటి. సేరు తూకమూ అయ్యింది, కొలతా అయ్యింది. ఒకే పేరుతో రెండు టైపులు. "సేరు జొన్నలు" అంటే త్రాసులో సేరా, డబ్బాలో సేరా అన్నది ఎవరితో మాట్లాడుతున్నామో దాన్నిబట్టి ఉండేది.

ఇంగ్లీషు వాళ్ళు బ్రిటిష్ ఇండియాలో దీన్ని సరిచేద్దామని చూశారు. 1871 చట్టంలో సేరుని కిలోగ్రాముకి సమానం చేసి, ఒక సేరు నీళ్ళు పట్టే గిన్నెని కొలతకి ప్రమాణం అన్నారు. కాగితం మీద అందంగానే ఉంది, అమలు మాత్రం కాలేదు. 1939లో ఇంకో చట్టం వచ్చింది. అందులో తూకానికి మాత్రమే ప్రమాణం పెట్టారు: 80 తులాలు ఒక సేరు, అంటే 933 గ్రాములు. ఇవేవీ నిజాం ఇలాకాకి వర్తించవు, అది వేరే సంగతి.

అసలు నీళ్ళ ప్రమాణంతో వచ్చే చిక్కేంటంటే జనం కొలిచేది నీళ్ళని కాదు. సేరు నీళ్ళు పట్టే గిన్నెలో జొన్నలు పోస్తే ముప్పావు సేరు అటూ ఇటూగా తూగుతాయి. ఒడ్లు పోస్తే అంతకంటే తక్కువ. జొన్నపిండి పోస్తే సగం సేరు కంటే కాస్త ఎక్కువ, అంతే. అంటే మానెడు జొన్నలు గిర్నికి పంపితే మానెడు పిండి రాకూడదు, మానెడుంబావు నుంచి మానెడున్నర దాకా రావాలి. గిర్ని అతను మానెడు పోసుకుని మానెడే తిరిగిచ్చాడంటే చూడటానికి ఎంతో న్యాయంగా ఉంటుంది, పిండిలో పావు వంతుకి పైగా అక్కడే ఉండిపోతుంది. పైగా పిండి వేడిగా, గుల్లగా ఉంటుంది. ఇంటికొచ్చేసరికి కుదురుకుని దిగిపోతుంది. అందుకే గిన్నెని తట్టి కొలవమని ముసలమ్మలు పోట్లాడేది. అది చాదస్తం కాదు, డెన్సిటీ.

ఇప్పుడు ఇదే లెక్కని అప్పులోకి తెచ్చి చూడండి. వానాకాలం మొదట్లో ఇంట్లో గింజలు అయిపోతాయి. దొర దగ్గరో షావుకారు దగ్గరో నాగు తెచ్చుకుంటారు, అంటే గింజల అప్పు. పంటకి ఒకటిన్నర రెట్లు తిరిగి కొలవాలి. పైకి కనిపించే వడ్డీ 50 శాతం. కానీ ఇచ్చేటప్పుడు అంచుకి చదునుగా తీసి, పుచ్చుకునేటప్పుడు గోపురంలా పోయించుకుంటే ఆ తేడా ఏ పుస్తకంలోనూ ఎక్కదు. ఇచ్చేవాటిలో తాలు కలిస్తే కొలత నిండుతుంది, బరువుండదు. జీతగాడికి ఇచ్చే గింజలకీ ఇదే కథ. గిన్నె దొరది, పోసే చెయ్యి దొర మనిషిది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో దీని మీద సర్కారు లెవీ వచ్చి పడింది. పెద్ద భూస్వాములు తప్పించుకుంటే బరువంతా చిన్న రైతుల మీద పడింది. 1946 జూలై 4న, అప్పట్లో నల్గొండ జిల్లాలో ఉన్న కడవెండిలో దొడ్డి కొమరయ్య హత్య జరిగేనాటికి జనం కోపంలో వెట్టి, భూమితో పాటు గింజలూ ఉన్నాయి. సాయుధ పోరాటం గురించి మనం తుపాకుల వైపు నుంచి చాలా రాసుకున్నాం, కుంచం వైపు నుంచి తక్కువ రాసుకున్నామని నా అభిప్రాయం.

తర్వాత కిలో వచ్చింది. 1956 చట్టం, 1958 అక్టోబర్ 1 నుంచి దశలవారీగా అమలు. సేరుకి 933 గ్రాములని పట్టికలు వేసుకోవచ్చు. మానికకి వేయలేం, మానికలో ఏముందో తెలియాలి కదా. అందుకని కొలతని మార్చలేదు, పక్కకి తోసేశారు. నా దృష్టిలో అది సరైన డిజైను నిర్ణయమే. (తులం మాత్రం బంగారం దగ్గర బతికిపోయింది, 11.66 గ్రాముల నుంచి చాలాచోట్ల పదికి చిక్కి.)

గొడవ అక్కడితో ఆగిందా అంటే లేదు, తూకంలోంచి తేమలోకి జరిగింది. కొనుగోలు కేంద్రాల్లో ఒడ్లకి 17 శాతం తేమ దాకా ఒప్పుకుంటారు. సీజన్ వచ్చిందంటే నల్గొండ జిల్లా పేపర్ల నిండా "తరుగు" వార్తలే. తేమ అని, తాలు అని క్వింటాల్‌కి ఇన్ని కిలోలు కోశారని రైతుల ధర్నాలు. తేమ వరకు చూస్తే నిజానికి దీనికి చక్కటి లెక్క ఉంది. 22 శాతం తేమతో వచ్చిన 100 కిలోల్లో పొడి గింజ 78 కిలోలు. 17 శాతానికి ఆరితే 78ని 0.83తో భాగిస్తే 94. అంటే న్యాయమైన తరుగు 6 కిలోలు. 18 శాతం ఉంటే కిలో 200 గ్రాములు, అంతే. అందరికీ ఒకటే అంకె కొట్టేస్తుంటే ఆ అంకె ఏ తేమకి వచ్చిందో చీటీ మీద రాయమని అడగొచ్చు.

ఇంకో వైపు కూడా చూడండి. నాలుగు రోజులు రోడ్డు మీద ఆరబోసి, రాత్రుళ్ళు కాపలా కాసి, 14 శాతానికి తెచ్చిన రైతు ఉంటాడు. అదే సూత్రంలో అతని 100 కిలోలు 103.6 కిలోలతో సమానం. ఆ మూడున్నర కిలోలకి డబ్బు కట్టిచ్చే కాలమ్ ఏ రసీదులోనూ నేను చూడలేదు.