ఎయిర్ పిస్టల్ సిలిండర్‌తో విమాన ప్రయాణం

10 మీటర్ల పోటీకి పిల్లల్ని విమానంలో తీసుకెళ్తున్నారా? ముందు పిస్టల్ గాలి సిలిండర్ సంగతి చూడండి. నిండా పడితే అందులో 200 బార్ పీడనం ఉంటుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ చిల్లరే! అలా నిండుగా ఉన్నదాన్ని విమానంలోకి రానివ్వరు. బయలుదేరే ముందే, కోచ్ దగ్గర ఉండగా, పిస్టల్‌తో వచ్చిన పరికరంతో గాలంతా వదిలేయండి. ఖాళీ అని నోటిమాటగా చెబితే ఒప్పుకోరు, గేజి సున్నా చూపాలి. కొన్ని విమాన సంస్థలు వాల్వు కూడా విప్పమంటాయి; టికెట్టు కొనేముందే అడగండి, మీరుగా విప్పకండి. పిస్టల్, సిలిండర్ చేతిసంచిలో వద్దు. కౌంటర్‌లో చెప్పి లగేజీలో వేయాలి. గాలి పట్టే అడాప్టర్ మరచిపోయారో, రేంజ్‌లో ఎంత గాలి ఉన్నా మీ సిలిండర్‌కి ఎక్కదు. దానిమీద తయారీ తేదీ కూడా చూసుకోండి: 10 ఏళ్లు దాటితే పోటీలో వాడనివ్వరు.