బంగారం దొరికిన చోట మునిగిన ఇళ్ళు



2020 నవంబరులో నివర్ తుపాను వెళ్ళాక ఉప్పాడ ఒడ్డున ఇసుకలో బంగారు రవ్వలు దొరుకుతున్నాయని టీవీ వాళ్ళంతా పరిగెత్తారు, గుర్తుందా? పాతకాలం గుళ్ళు, జమీందార్ల కట్టడాలు మునిగాయనీ, ఆ బంగారమే కొట్టుకొస్తోందనీ చెప్పారు. దాన్ని చరిత్ర అన్నారు. అదే ఒడ్డున మునిగిన మత్స్యకారుల ఇళ్ళని మాత్రం ఎవరూ చరిత్ర అనలేదు. ఆ ఇళ్ళ నుంచి బంగారం రాదు కదా.

పోయినేడాది మా డిగ్రీ పిల్లల్ని తీసుకుని కాకినాడ నుంచి బీచ్ రోడ్డు మీదుగా ఉప్పాడ వెళ్ళాను. ఒక పెద్దావిడ సముద్రంలోకి చెయ్యి చూపించి, "అదుగో, ఆ కెరటం ఇరిగే కాడ మా ఇల్లు బాబూ" అంది. "ఇప్పుడున్నది ఎన్నో ఇల్లు మామ్మా?" అని అడిగాను. మూడోదట. పిల్లలు నోట్సు రాయడం ఆపేశారు.

సముద్రం కోపగించి ఊరిని మింగిందని రాయడం తేలిక, కవిత్వానికీ బావుంటుంది. కానీ తీరం అంటే నడిచే ఇసుక. మన తీరం వెంట ఏడాది మొత్తం మీద చూస్తే ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. దాన్ని తెచ్చిపోసేది గోదారి. 1970ల్లో ఏడాదికి సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసిన నది, 2000 తర్వాతి ఏళ్ళకి 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. జాయక్‌వాడి, శ్రీరాంసాగర్ లాంటి జలాశయాల్లో అది ఆగిపోతోంది. కాటన్ దొరని దేవుడిగా కొలిచే జిల్లాలు మావి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, నీళ్ళొచ్చాయి. పొలం ఎవరి చేతిలో ఉందో వాళ్ళకే వచ్చాయి. అది వేరే కథ, ఇక్కడ ఆపుతాను.

వచ్చిన ఆ కాస్త ఇసుకా అందరికీ అందదు. గత రెండు వందల ఏళ్ళలో పెరిగిన హోప్ ఐలాండ్ ఇసుక మేట కాకినాడ రేవుకి కెరటాలు తగలకుండా అడ్డం నిలబడింది. ఆ చాటు దాటిన ఉప్పాడకి కెరటం నేరుగా తగులుతుంది. రేవుకి కట్టిన రాతి గట్లూ, ఓడల దారి కోసం చేసే తవ్వకాలూ ఇసుక నడకని ఇంకా దెబ్బతీశాయి.

విశాఖ సంగతి చూడండి. 1933లో తెరిచిన ఆ రేవుకి అలల అడ్డుకట్ట కోసం రెండు పాత ఓడల్నే ముంచారు. తర్వాత బయటి హార్బరు వచ్చింది. బీచ్ కోతకి గురవుతుంటే, తవ్వి తీసిన ఇసుకని తెచ్చి నగరం ఒడ్డున పోస్తూ వచ్చారు. అంటే ఇసుకకి ఇసుకే మందని ప్రభుత్వాలకి తెలుసు. ఉప్పాడకి మాత్రం గోడ దక్కింది. 2010 ప్రాంతంలో ఇసుక నింపిన జియో ట్యూబులతో సుమారు కిలోమీటరున్నర కట్టారు. తుపానులకి అదీ దెబ్బతింది. పైగా గోడ ఎక్కడ ఆగితే దాని పక్కనుంచి కోత మొదలవుతుంది. ఉత్తరాన ఉన్న కోనపాపపేట వాళ్ళని అడగండి, చెబుతారు.

ఊరివాళ్ళు చేసేది వేరు. పోటు తీరు చూసి ముందే ఇల్లు విప్పుకుంటారు. తలుపులు, దూలాలు, రేకులు, మంచి ఇటుకలు తీసి వెనక్కి మోసుకెళ్ళి మళ్ళీ నిలబెడతారు. తాటి దుంగలు పాతి, ఇసుక బస్తాలు పేర్చి అమావాస్యా పున్నమీ గడుపుతారు. ఇల్లు విప్పడం కూడా ఒక పనితనమే. అయితే వెనక్కి జరగాలంటే వెనక నేలుండాలి. వెనక ఉన్నది ఎవరిదో ఒకరి పట్టా భూమి.

చట్టం కూడా వీళ్ళ వెనక నిలబడలేదు. కేంద్రం నోటిఫై చేసిన 12 విపత్తుల జాబితాలో తీర కోత లేదు. తుపాను పేరుంటే సాయం అడగడానికి దారుంది. మామూలు అమావాస్య పోటుకి గోడ కూలితే అది విపత్తు కాదు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం, నదీ కోత, తీర కోత వల్ల నిలువ నీడ పోయినవాళ్ళ పునరావాసానికి 1,000 కోట్లు సిఫారసు చేసింది. దేశం మొత్తానికి, అన్ని నదులకీ, అన్ని తీరాలకీ కలిపి. అందులోంచి అడగాలన్నా, పోయిన ఇల్లు తనదేనని రుజువు చేసుకోవాలి.

ఇక్కడే నాకు మా తాత గుర్తొస్తాడు. ఉప్పాడ మత్స్యకారులు మా కులం కాదు, బీసీలు. కానీ ఈ రుజువు సమస్య మాల మాదిగలకి కొత్త కాదు. మా తాత సాగు చేసిన లంకని గోదారి రెండు వరదల్లో కోసేసింది. పట్టా లేదు కాబట్టి పోయిన భూమి ఏ లెక్కలోకీ ఎక్కలేదు. ఉన్నప్పుడే లేనిది పోయిందని ఎలా రాస్తారని ఒక ఉద్యోగి నవ్వాడట. మా నాన్న ఆ మాట ఇప్పటికీ చెబుతాడు.

ఉప్పాడ నుంచి వచ్చేటప్పుడు ఆ మామ్మ ఆధార్ కార్డు చూపించింది. దాని మీద ఉన్నది రెండో ఇంటి డోర్ నెంబరు. ఇప్పుడు సముద్రంలో ఉంది. "మార్పించుకోవచ్చు కదా" అంది మా విద్యార్థిని. "ఏ నెంబరని చెప్పనమ్మా, ఈ ఇంటికి ఇంకా ఇయ్యలేదు" అంది.

లంకల లెక్క వచ్చే భాగంలో.