మెట్ట సీమ నుంచి మధ్యతరగతి ఇంటికి: శోభన్‌బాబు నట జీవితం

ఉమ్మడి కృష్ణా జిల్లా అనగానే సినిమా చరిత్ర రాసేవారి చూపు ముందుగా డెల్టా మీదికి పోతుంది. ఎన్.టి. రామారావు పుట్టిన నిమ్మకూరు, అక్కినేని నాగేశ్వరరావు పుట్టిన రామాపురం రెండూ కాలువ కింది ఊళ్ళే. అదే జిల్లాలో జగ్గయ్యపేట, నందిగామ, చందర్లపాడు, మైలవరం, తిరువూరు ప్రాంతాల బతుకు వేరు. చందర్లపాడు పక్కనే కృష్ణ పారుతున్నా, ఆ వైపు చేలు చాలాకాలం వానను నమ్ముకునే పండాయి. వరి కంటే పత్తి, మిరప, పప్పుధాన్యాలు ఆ నేలకు దగ్గర. డెల్టా ఊళ్ళకున్నంత డబ్బుగానీ, నాటక సమాజాల సందడిగానీ ఇక్కడ ఊరూరా ఉండేవి కావు. ఈ మెట్ట సీమ నుంచి వచ్చి, మూడున్నర దశాబ్దాలకు పైగా తెలుగు తెరమీద నిలిచిన కథానాయకుడు శోభన్‌బాబు.

ఆయన పేరు చెప్పగానే నుదుటిమీది ఉంగరం జుట్టు, ఆంధ్రా అందగాడన్న బిరుదు గుర్తుకొస్తాయి. చాలా వ్యాసాలు అక్కడే ఆగిపోతాయి. రెండు వందలకు పైగా చిత్రాల్లో నటించిన మనిషిని అందం ఒక్కటే అంతకాలం నిలబెట్టదు. పౌరాణిక వీరులూ జానపద రాకుమారులూ ఏలుతున్న తెరమీద ఇంట్లో తిరిగే మగవాణ్ణి, ముఖ్యంగా భర్తను, కథకు కేంద్రంగా నిలిపిన నటుల్లో ఆయన ముందువరుసలో ఉంటారు. ఆ పని ఎలా జరిగిందో, అందుకు ఏయే పరిస్థితులు తోడ్పడ్డాయో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చిననందిగామ నుంచి చెన్నపట్నానికి

శోభన్‌బాబు అసలు పేరు ఉప్పు శోభనాచలపతిరావు. 1937 జనవరి 14న చిననందిగామలో పుట్టారు. పేరును బట్టి దీన్ని నందిగామ పట్టణమని పొరబడేవారున్నారు. చిననందిగామ మైలవరం వైపు ఊరు, ఇప్పటి జి. కొండూరు మండలంలోది. ఆగిరిపల్లి కొండమీద వెలసిన శోభనాచల స్వామి పేరు పిల్లలకు పెట్టుకోవడం ఆ చుట్టుపక్కల ఆచారం. తండ్రి సూర్యనారాయణరావు. కుటుంబం వ్యవసాయం మీద ఆధారపడింది. కుంటముక్కలలోనూ, మైలవరం ఉన్నత పాఠశాలలోనూ ఆయన చదువు సాగింది.

మైలవరానికి తెలుగు నాటక చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో అక్కడి జమీందారు ఆదరణలో నడిచిన బాలభారతీ నాటక సమాజం, జనం మాటల్లో మైలవరం కంపెనీ, ఆంధ్రదేశమంతటా పేరు మోసింది. యడవల్లి సూర్యనారాయణ వంటి నటులు ఆ కంపెనీలో వెలిగారు. పాపట్ల కాంతయ్య కట్టిన వరసలు పద్యనాటకానికి కొత్త ఊపునిచ్చాయి. శోభన్‌బాబు బడికి వెళ్ళేనాటికి ఆ వైభవం గతించింది. అయినా వేషం కట్టడాన్ని చిన్నచూపు చూడని ఊరు అది. నాటకాల మీద ఆయనకు ఇష్టం కుదిరింది మైలవరం బడి రోజుల్లోనే.

తరువాత గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివారు. అక్కడ కళాశాల రంగస్థలం ఆయనకు తొలి గుర్తింపు తెచ్చింది. న్యాయశాస్త్రం చదవడానికి మద్రాసు చేరారు. చదువొక వంక, స్టూడియోల చుట్టూ తిరగడం మరో వంక సాగాయి. 1958లో కాంతకుమారితో వివాహం జరిగింది. సినిమాల్లో వేషం దొరకకముందే ఆయన సంసారి. పెళ్ళయిన మనిషిగా, ఇంటి బాధ్యత తెలిసిన మనిషిగా ఆయన ఈ రంగంలోకి అడుగుపెట్టిన సంగతి ఆయన తరువాతి జీవితాన్ని అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది.

చిన్న వేషాల కాలం

1959లో వచ్చిన 'దైవబలం'లో ఆయన తొలిసారి తెరమీద కనిపించారు. అందులో కథానాయకుడు రామారావు. మరుసటి ఏడాది 'భక్త శబరి'లో చేసిన మునికుమారుడి వేషం జనం కంట పడింది. అక్కడి నుంచి దాదాపు పదేళ్ళు ఆయనది నిరీక్షణ. 1961లో రామారావు తొలిసారి దర్శకత్వం వహించిన 'సీతారామ కల్యాణం'లో లక్ష్మణుడు, 1963లో 'లవకుశ'లో శత్రుఘ్నుడు, అదే ఏడాది 'నర్తనశాల'లో అభిమన్యుడు. పెద్ద నటుల పక్కన తమ్ముడిగానో కొడుకుగానో నిలబడే వేషాలివి. వీటిలో సంభాషణలు తక్కువ, నిలబడి వినవలసిన ఘట్టాలు ఎక్కువ.

ఆ రోజుల్లో పౌరాణిక చిత్రం నటులకు బడిలాంటిది. ఉచ్చారణ, నిలకడ, కిరీటం బరువు మోస్తూ కదలడం, ఎదుటివాడు మాట్లాడుతుంటే ముఖంలో స్పందన నిలుపుకోవడం అక్కడ నేర్చుకోవలసిందే. ఈ చివరిది శోభన్‌బాబుకు బాగా ఒంటబట్టింది. ఆడవాళ్ళ దుఃఖం చుట్టూ తిరిగిన ఆయన తరువాతి చిత్రాల్లో ఆయన గొప్ప ఘట్టాలు చాలావరకు వినే ఘట్టాలే.

1965లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో వచ్చిన 'వీరాభిమన్యు' ఆయనను కథానాయకుణ్ణి చేసింది. అయినా వెంటనే దారి తెరుచుకోలేదు. చిన్న చిత్రాల్లో నాయకుడిగా, పెద్ద చిత్రాల్లో రెండో పాత్రగా మరికొన్నేళ్ళు గడిచాయి. 1967లో కె. విశ్వనాథ్ తీసిన 'ప్రైవేటు మాస్టారు'లో నాయక పాత్ర కాని వేషం కూడా కాదనకుండా వేశారు.

మలుపు 1969లో 'మనుషులు మారాలి'తో వచ్చింది. మలయాళ 'తులాభారం' కథకు తెలుగు రూపం అది. దర్శకుడు మళ్ళీ మధుసూదనరావే. కార్మికుడి ఇల్లు, పేదరికం, పిల్లల ఆకలి చూడలేని తల్లి తెగింపు ఆ కథకు ఆయువుపట్టు. మలయాళంలో ఆ తల్లి పాత్రతో జాతీయ పురస్కారం పొందిన తెనాలి నటి శారద తెలుగులోనూ ఆ పాత్ర వేశారు. ఆమె భర్తగా శోభన్‌బాబు నటించారు. రజతోత్సవం చేసుకున్న ఆ చిత్రం రెండు విషయాలు తేల్చింది. కన్నీళ్ళు పెట్టించే కుటుంబ కథకు తెలుగునాట పెద్ద మార్కెట్ ఉంది. ఆ కథలో భర్త పాత్రకు నప్పే నటుడు దొరికాడు.

మాట్నీ ఆటా, ఆడవాళ్ళ నవలా

ఆ విజయం వెనుక నటుడి ప్రతిభ ఒక్కటే లేదు, కాలం కూడా ఉంది. 1960ల నుంచి తెలుగు వారపత్రికల్లో స్త్రీలు రాసిన సీరియళ్ళు ఇంటింటా చదివారు. యద్దనపూడి సులోచనారాణి, కోడూరి కౌసల్యాదేవి, రంగనాయకమ్మ రాసిన నవలలు నిర్మాతల చేతికి చేరాయి. ఈ నవలలు చదివే స్త్రీలే మాట్నీ ఆటకు వచ్చేవారు. నందిగామ, జగ్గయ్యపేట వంటి ఊళ్ళ హాళ్ళలో ఆడవాళ్ళకు విడిగా కూర్చునే చోటు ఉండేది. చుట్టుపక్కల పల్లెల నుంచి బళ్ళు కట్టుకుని, పిల్లలను వెంటేసుకుని రావడం ఆ తరానికి అలవాటు. కుటుంబ చిత్రం వంద రోజులు ఆడాలంటే ఈ ప్రేక్షకులు రెండోసారి, మూడోసారి రావాలి.

ఆ నవలలకు శోభన్‌బాబు సరిగ్గా సరిపోయారు. 1973లో వచ్చిన 'జీవన తరంగాలు' యద్దనపూడి నవల. 1975లో దాసరి నారాయణరావు తీసిన 'బలిపీఠం' రంగనాయకమ్మ నవల. 'బలిపీఠం'లో ఆయన హరిజన యువకుడిగా నటించారు. అగ్రకులానికి చెందిన వితంతువుతో అతని పెళ్ళి, ఆ ఇంట్లోకి నడిచొచ్చిన కులం ఆ కథాంశం. ఆ ఏడాదే 'జీవన జ్యోతి'లో ప్రాణంగా చూసుకున్న తోటికోడలి బిడ్డను పోగొట్టుకుని మతి చలించిన భార్య కోసం కాచుకునే భర్త అయ్యారు. కె. బాపయ్య తీసిన 'సోగ్గాడు'లో పల్లెటూరి రైతు బిడ్డ అయ్యారు. ఒక్క సంవత్సరంలో మూడు రకాల మగవాళ్ళను ప్రేక్షకులు ఆయనలో చూసి ఒప్పుకున్నారు.

ఇంతకు కాస్త ముందు అమెరికాలో ఏం జరిగిందో చూస్తే ఈ పరిణామం మరింత స్పష్టమవుతుంది. 1950లలో డగ్లస్ సిర్క్ దర్శకత్వంలో రాక్ హడ్సన్ నటించిన చిత్రాలు గృహిణుల మనోవేదనను తెరకెక్కించాయి. హడ్సన్‌కు కూడా అందగాడన్న పేరు ముందొచ్చింది, నటుడన్న గుర్తింపు తరువాత వచ్చింది. అప్పటికే అక్కడ టెలివిజన్ ఇళ్ళలోకి చేరుతోంది. కుటుంబ కథలు క్రమంగా దానికి మళ్ళాయి. 1971లో హడ్సన్ కూడా 'మెక్‌మిలన్ అండ్ వైఫ్' ధారావాహికతో టెలివిజన్‌కు వెళ్ళారు. తెలుగునాట పరిస్థితి వేరు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977లో. పల్లెల్లోకి టీవీ చేరడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. అమెరికాలో టీవీ చేసిన పనిని 1970లలో ఇక్కడ మాట్నీ ఆట చేసింది. ఆ మాట్నీ ఆటకు నాయకుడు శోభన్‌బాబు.

అందానికి ఆవలి నటుడు

1971లో కె. విశ్వనాథ్ 'చెల్లెలి కాపురం' తీశారు. అందులో శోభన్‌బాబుది కవి పాత్ర. అందగాడిగా పేరుపడుతున్న నటుడు ముఖానికి నల్లరంగు పూసుకుని, తన రూపానికి తానే వెనకాడే మనిషిగా కనిపించారు. అతని కవిత్వంతో పేరు మరొకరికి వస్తుంది. తన చేతిలోని పెద్ద పెట్టుబడిని పక్కనపెట్టి నటించడమంటే ఇదే. 1973లో అదే దర్శకుడి 'శారద'లో, భర్త లేడన్న నిజాన్ని మనసు ఒప్పుకోని స్త్రీ కథకు ఆయన ఆధారంగా నిలిచారు. ఆ చిత్రం పేరు కథానాయిక పేరే, కథా ఆమెదే. అందుకు నాయకుడు ఒప్పుకోవడం ఆనాటి తెలుగు చిత్రసీమలో చిన్న విషయం కాదు.

1972లో బాపు తీసిన 'సంపూర్ణ రామాయణం'లో ఆయన రాముడు. లక్ష్మణుడిగా, శత్రుఘ్నుడిగా రాముడి పక్కన నిలబడిన నటుడు పదకొండేళ్ళకు ఆ పాత్రకు చేరుకున్నారు. రాముడంటే రామారావేనని నమ్మిన ప్రేక్షకుల ముందు అది పెద్ద పరీక్ష. ఆయన రామారావును అనుకరించలేదు. గంభీరమైన స్వరం కంటే మెత్తదనాన్ని, సీత దూరమైన బాధను ముందుకు తెచ్చారు. అవతార పురుషుడిలోనూ భర్తనే చూపించారు.

ఈ కథల పరిమితులు కూడా చెప్పుకోవాలి. 1979లో 'కార్తీక దీపం', 1982లో 'దేవత' వంటి చిత్రాల్లో ఒక మగవాడి చుట్టూ ఇద్దరు స్త్రీలుంటారు. అతడు నలిగిపోతాడు కానీ, త్యాగం చేయవలసింది ఎప్పుడూ ఆడదే. స్త్రీల కన్నీళ్ళకు తెరమీద చోటిచ్చిన ఈ ధోరణి, ఆ కన్నీళ్ళకు కారణమైన కట్టుబాట్లను చాలాసార్లు ప్రశ్నించకుండా వదిలేసింది. 'బలిపీఠం', 'మనుషులు మారాలి' చిత్రాల్లో ఉన్న సామాజిక వేడి తరువాతి చిత్రాల్లో చల్లబడింది. అయినా ఆ రోజుల్లో కథ నడిచేది నాయిక వల్లే. వాణిశ్రీ, శారద, జయసుధ, జయప్రద, శ్రీదేవి ఆయన సరసన గొప్ప పాత్రలు చేయగలిగారంటే, వాళ్ళకు చోటు వదిలే నటుడు ఎదురుగా ఉండడం అందుకు ఒక కారణం. 'సోగ్గాడు', 'జీవన జ్యోతి', 'దేవత' తరువాత హిందీలో 'దిల్‌దార్', 'సంజోగ్', 'తోఫా'గా వెళ్ళాయి. మూడింటిలోనూ శోభన్‌బాబు పాత్ర వేసినది జితేంద్ర.

నియమం, విరమణ

చిత్రసీమలో ఆయన పనితీరును ఇప్పటికీ చెప్పుకుంటారు. సాయంత్రం ఆరు దాటితే షూటింగు చేసేవారు కాదు. ఆదివారం ఇంటివారికే. రోజుకు రెండు మూడు కాల్షీట్లు చేయడం గొప్పగా భావించిన కాలంలో ఈ నియమం పెట్టుకోవడానికి ధైర్యం కావాలి. సంపాదన నిలవాలంటే భూమి కొనాలని నమ్మారు, తోటివారికి అదే చెప్పారు. మురళీమోహన్ వంటి నటులు ఆ సలహాను కృతజ్ఞతతో తలుచుకున్నారు. వాన ఎప్పుడు ముఖం చాటేస్తుందో తెలియని మెట్ట రైతుల మధ్య పెరిగినవాడికి మంచి ఏడాది గింజను చెడ్డ ఏడాదికి దాచుకోవడం ఎవరూ నేర్పనక్కరలేదు. ఆయన జాగ్రత్తకు మూలం అక్కడుందని నా అభిప్రాయం.

తోటి నటులు రాజకీయాల్లోకి వెళ్ళారు. రామారావు 1982లో పార్టీ పెట్టారు, కృష్ణ 1989లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. శోభన్‌బాబు ఆ దారి తొక్కలేదు. పరిశ్రమ హైదరాబాదుకు తరలినా ఆయన మద్రాసులోనే ఉండిపోయారు. 1996లో 'హలో గురూ' తరువాత నటన మానేశారు. తండ్రి, తాత పాత్రలకు పిలుపులు వచ్చినా ఒప్పుకోలేదు. ప్రేక్షకుల మనసులో తాను కథానాయకుడిగానే మిగలాలన్నది ఆయన కోరిక. పిల్లలను సినిమా రంగానికి దూరంగా పెంచారు. 2008 మార్చి 20న చెన్నైలో మరణించారు.

ఆయన తప్పుకునే నాటికి జెమిని టీవీ, ఈటీవీ 1995లో ప్రసారాలు మొదలుపెట్టి ఉన్నాయి. మాట్నీ ఆట చేసిన పని అప్పటికి ఇళ్ళలోని టీవీకి దక్కింది. ఆ పగటి ప్రసారాల్లో పాత కుటుంబ చిత్రాలు తిరిగి వచ్చాయి. హాల్లో ఆయన్ని ఎన్నడూ చూడని తరానికి శోభన్‌బాబు అలా పరిచయమయ్యారు. తరువాత వచ్చిన తెలుగు ధారావాహికల్లో అత్తాకోడళ్ళ మధ్య, ఇద్దరు స్త్రీల మధ్య నిలబడే భర్తను చూస్తే, ఆ నమూనా ఏ చిత్రాల్లో తయారైందో తెలిసిపోతుంది.

2022లో జిల్లాల విభజన జరిగినప్పుడు చందర్లపాడు, నందిగామ, జగ్గయ్యపేటలతోపాటు చిననందిగామ ప్రాంతం కూడా ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. రామారావు పక్కన చిన్న వేషంతో మొదలైన నటుడి సొంత ఊరు ఇప్పుడు రామారావు పేరున్న జిల్లాలో ఉంది. డెల్టా ఇచ్చిన నటులు తెలుగువారికి దేవుళ్ళనూ వీరులనూ చూపించారు. మెట్ట సీమ ఇచ్చిన ఈ నటుడు సంసారం కూడా పెద్ద కథేనని, దాన్ని నిలబెట్టుకునే మగవాడు కూడా నాయకుడేనని చూపించారు. తెలుగు సినిమా చరిత్ర ఆయన రూపానికి ఇచ్చిన చోటును ఇక ఈ పనికి ఇవ్వాలి.