గోండ్వానా: మన పేరు మోస్తున్న భూమి



మేము వేములవాడ హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతున్నం. మాలో గోండు, కొలాం, నాయకపోడ్, లంబాడ అందరం ఉన్నం. మొన్న క్లాసుల "గోండ్వానా" అనే మాట వచ్చింది. వెనక బెంచీ నుంచి ఒకడు మా గోండు తమ్మున్ని చూసి "నీ పేరే గదరా" అని నవ్విండు. తమ్ముడు తల వంచుకున్నడు. ఆ రాత్రి పుస్తకాలు ముందేసుకొని చదివినం. తల వంచుకునేది అందుల ఏమీ లేదు.

1872లో మెడ్లికాట్ అనే భూగర్భ శాస్త్రవేత్త మధ్య భారతంల గోండులు ఉండే ప్రాంతంలోని రాళ్లకు "గోండ్వానా" అని పేరు పెట్టిండు. 1885లో వియన్నాకు చెందిన సూయెస్ ఆ పేరునే ఒక పెద్ద ప్రాచీన ఖండానికి పెట్టిండు. 1912లో వెగెనర్ ఖండాలు కదులుతయని చెప్పిండు. అప్పట్ల చాలామంది ఒప్పుకోలేదు, తర్వాత అదే నిజమైంది.

సుమారు 30 కోట్ల ఏండ్ల కింద మన నేల, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒక్కటే భూమి. అప్పుడు మన నేల దక్షిణ ధ్రువానికి దగ్గర్ల, మంచు కింద ఉండేది. మంచు కరిగినంక చిత్తడి అడవులు పెరిగినయి. గ్లాసోప్టెరిస్ అనే చెట్టు ఆకు గుర్తులు ఆ ఖండాలన్నిట్ల దొరికినయి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన స్కాట్ బృందం దగ్గర కూడా ఆ రాళ్లున్నయి.

గోదావరి లోయ మెల్లగ కుంగుతుంటే ఆ అడవులు మట్టి కింద పడి బొగ్గయినయి. రామగుండం, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గంతా గోండ్వానా రాళ్లదే. ఆ పైపొరల్ల, యామన్‌పల్లి దగ్గర, కోటసారస్ అనే రాక్షసబల్లి ఎముకలు దొరికినయి. ఇప్పుడది హైదరాబాద్ బిర్లా మ్యూజియంల నిలబడి ఉంది.

తర్వాత ఆ భూమి ముక్కలైంది. మన ముక్క ఉత్తరం దిక్కు సాగి, సుమారు 5 కోట్ల ఏండ్ల కింద ఆసియాను గుద్దితే హిమాలయాలు లేచినయి. ఇప్పటికీ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు జరుగుతనే ఉంది.

ఒక్క మాట నిజాయితీగా చెప్పుకోవాలె. ఆ ఖండం మీద గోండులు లేరు, అసలు మనుషులే లేరు. మన తాతలు దాన్ని ఏలిన్రని ఎవరన్నా రాస్తే నమ్మొద్దు. పేరు మాత్రం మనది. ప్రపంచంల ఎక్కడ భూగర్భ శాస్త్రం చదివినా ఆ పేరు పలకాలె.

మేడారం పోయేముందు మనోళ్లు ఇక్కడికొచ్చి రాజన్నను మొక్కుతరు. ఈ చుట్టుపక్కల గుట్టల రాయి గోండ్వానా కన్నా ముసలిది, సుమారు 250 కోట్ల ఏండ్లది. ఈసారి వచ్చినప్పుడు ఆ రాయిని ఒకసారి ముట్టి చూడున్రి.

నిన్న అదే తమ్ముడు క్లాసుల లేచి గోండ్వానా పాఠం తనే చెప్పిండు. నవ్వినోడు నోట్సు రాసుకున్నడు. మన దాంట్ల ఎవరన్నా జియాలజీ తీసుకుంటే మాకు చెప్పున్రి, కలిసి చదువుదాం.